కార్డు ఉంది, తాళంచెవి పోయింది

ఇంజనీరింగు రోజుల్లో నా ఫోన్లో ఉన్నది 16 జీబీయే. అది చాలక 64 జీబీ మెమొరీ కార్డు కొని, ఇంటర్నల్ స్టోరేజిగా ఫార్మాట్ చేసేశా. 2015లో ఆండ్రాయిడ్ 6.0తో వచ్చిన సదుపాయం. యాప్‌లు కూడా కార్డులోకే పోతాయి, అబ్బో అనుకున్నా!

ఉద్యోగంలో చేరాక ఓ రోజు ఫోన్ బోర్డు పోయింది. కార్డుందిగా అని ధీమాగా లాప్‌టాప్‌లో పెడితే, ఊహూఁ! అలా ఫార్మాట్ చేసిన కార్డుని ఆండ్రాయిడ్ ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, తాళంచెవి ఆ ఫోన్లోనే ఉంటుంది. నేను రికార్డు చేసిన తాతయ్య కబుర్లన్నీ అందులోనే... ఆయనా ఇప్పుడు లేరు.

ఆఫీసులో క్లయింటు డేటాకి రోజూ బ్యాకప్పులు తీసేది నేనే మరి! జాగా పెంచుకోవడం వేరు, దాచుకోవడం వేరు. ఇప్పుడు అమ్మ కబుర్లు రికార్డు చేసి రెండు చోట్ల పెడుతున్నా. మీరూ ఈ ఆదివారం ఆ పని కానివ్వండి.