కంచె లోపలి ఎండ

1942లో, ఉత్తర ఆఫ్రికాలో జర్మన్లతో తలపడాల్సిన అమెరికా సైనికులకు ఎడారి అలవాటు చేయాలని జనరల్ పాటన్ కాలిఫోర్నియా, ఆరిజోనా సరిహద్దుల్లో ఒక పెద్ద శిక్షణ రంగం తెరిచాడు. రెండేళ్లు నడిచింది. లక్షల మంది సైనికులు వచ్చారు, వెళ్లారు. 1944లో గుడారాలు పీకేశారు. ట్యాంకులు తిరిగిన జాడలు మాత్రం కొన్నిచోట్ల ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు. మన పల్లెల్లో ఎడ్లబండి చక్రాల గాడి తొలకరికి సగం, నాట్లకల్లా పూర్తిగా చెరిగిపోతుంది. అక్కడ ఎనభై ఏళ్లు చాలలేదు.

వానలు తక్కువ కాబట్టి అని సరిపెట్టుకోవచ్చు. అసలు సంగతి మాత్రం నేల పైపెచ్చులో ఉంది. అక్కడి మొహావీ ఎడారిలో చాలాచోట్ల కంటికి అంతగా ఆనని ఒక పెచ్చు నేలను కప్పి ఉంటుంది. నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు, లైకెన్లు, నాచు కలిసి సన్నని పోగులతో ఇసుక రేణువులను పట్టి ఉంచుతాయి. ఎండినప్పుడు నల్లగా, గరుకుగా, చిన్న చిన్న బొడిపెలతో ఉంటుంది. నాలుగు చినుకులు పడితే చాలు, నిమిషాల్లో పచ్చబడుతుంది. గాలికి మట్టి లేవకుండా ఆపేది అదే, గాలిలోని నత్రజనిని నేలకు అందించేదీ అదే. మీద బూటుకాలు పడితే కరకరమని విరుగుతుంది. విరిగినది మళ్లీ కట్టుకోవాలంటే దశాబ్దాలు పడుతుంది, కొన్నిచోట్ల శతాబ్దాలే. ట్యాంకు కిందైనా, సోలార్ ప్యానెళ్లకు గుంజలు పాతే యంత్రం కిందైనా విరిగే పెచ్చు ఒక్కటే.

ఆ యంత్రాలు వచ్చిన చోటు ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం. లాస్ ఏంజెలెస్‌కు ఉత్తరాన, మూడు లక్షల ఎకరాల పైచిలుకు. 1947 అక్టోబరు 14న చక్ యేగర్ ధ్వని వేగాన్ని దాటింది ఆ ఆకాశంలోనే. స్పేస్ షటిళ్లు ఎన్నోసార్లు దిగిందీ అక్కడే. తండ్రి హైదరాబాదు నుంచి వెళ్లి స్థిరపడిన రాజా చారి, వ్యోమగామి కాకముందు ఎఫ్-35 విమానాల పరీక్షలకు నాయకత్వం వహించిందీ అక్కడే. అక్కడ రోజర్స్ అనే ఎండు సరస్సు ఉంది, 44 చదరపు మైళ్లు. ఏడాదిలో ఎక్కువ భాగం పగుళ్లిచ్చిన బల్లపరుపు మట్టే. వానకు నీళ్లు నిలిచాయంటే, ఏళ్ల తరబడి ఆ మట్టిలో ఎండి పడున్న గుడ్లు పొదిగి, వేలిగోరంత రొయ్యల్లాంటి జీవులు ఈదడం మొదలుపెడతాయి. వాటి కోసం పక్షులు దిగుతాయి. నీళ్లు ఇంకిపోయాక మళ్లీ విమానాలు.

ఈ స్థావరం భూమి కొంత, దాన్ని ఆనుకున్న ప్రైవేటు భూమి కొంత కలిపి 4,600 ఎకరాల్లో ఎడ్వర్డ్స్-శాన్‌బోర్న్ సోలార్ ప్రాజెక్టు కట్టారు. 2024 మొదట్లో పూర్తయింది. 19 లక్షల ప్యానెళ్లు, 875 మెగావాట్లు. పొద్దుగూకాక వాడుకోవడానికి 3,287 మెగావాట్ అవర్ల బ్యాటరీలు. కరెంటు కొనేవాళ్లలో శాన్ హోసే నగరం ఉంది, స్టార్‌బక్స్ కంపెనీ ఉంది. శాన్ హోసేలో మనవాళ్లు ఎంతమందో చెప్పక్కర్లేదు. రాత్రి వాళ్ల ఇంట్లో ఇడ్లీ పిండి రుబ్బుతున్న గ్రైండర్ వెనక ఈ సైనిక భూమి మీద పడిన ఎండ కొంత ఉండొచ్చు.

బేకర్స్‌ఫీల్డ్ నుంచి బార్‌స్టో వెళ్లే 58వ నంబరు రోడ్డు మీద, మొహావీ ఊరు దాటాక, ప్యానెళ్లు మొదలయ్యాయి. ఎంతకీ అయిపోవు. మా అబ్బాయి కారు వేగం తగ్గించకుండానే, "ఇక్కడ ఏముంది నాన్నా, అంతా వేస్ట్ ల్యాండే కదా, పెట్టుకోనీ" అన్నాడు. వాడొక్కడి మాట కాదది. అనంతపురం బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాడూ బయటికి చూసి అదే అంటాడు. సైన్యం వాళ్లు ఆ చోటు ఎంచుకున్నదీ అక్కడ ఏమీ లేదనే, సోలార్ వాళ్లు వెతుక్కుంటూ వచ్చిందీ ఏమీ లేదనే.

ఉన్నదాంట్లో అందరికంటే పాత కాపురం తాబేలుది. మొహావీ ఎడారి తాబేలు తన జీవితంలో నూటికి తొంభై అయిదు పాళ్లు బొరియలోనే గడుపుతుంది. వానలు పడ్డప్పుడు తాగిన నీళ్లను మూత్రాశయంలో దాచుకుని నెలల తరబడి దాంతోనే నెట్టుకొస్తుంది. దారిలో కనబడిందని ముచ్చటపడి ఎవరైనా చేతుల్లోకి తీసుకున్నారంటే, బెదిరి ఆ నీళ్లన్నీ వదిలేస్తుంది. మళ్లీ వాన ఎప్పుడో తెలియదు. అంటే ముద్దు చేసినవాడు దాన్ని చంపినంత పని చేశాడన్నమాట.

ప్యానెళ్ల కింద పడి తాబేళ్లు చావవు. కష్టం వేరే దారిలో వస్తుంది. కట్టడం మొదలయ్యాక కంచెలు, స్తంభాలు, దుమ్ము అణచడానికి నీళ్ల ట్యాంకర్లు, పనివాళ్లు వదిలేసిన తిండి. వీటన్నిటికీ సంబరపడేది బొంతకాకి. కూర్చోవడానికి చోటు, తాగడానికి నీళ్లు, తినడానికి చెత్త దొరికాక ఎడారిలో అది ఎందుకుండదు? గత కొన్ని దశాబ్దాల్లో మొహావీలో ఈ కాకులు ఎన్నో రెట్లు పెరిగాయి. పిల్ల తాబేలుకు మొదటి కొన్నేళ్లు చిప్ప మెత్తగా ఉంటుంది, కాకి ముక్కుకు అడ్డం కాదు.

తాబేళ్లను ఏరి మరోచోట వదిలితే సరిపోదా అంటారు. సైన్యం ఆ పనీ చేసింది, సోలార్ కోసం కాదు, ట్యాంకుల కోసం. 2008లో ఫోర్ట్ ఇర్విన్ స్థావరం విస్తరణ కోసం దాదాపు ఆరు వందల తాబేళ్లను తరలించారు. కరువు రోజులు. కుందేళ్లు దొరకని కొయొటీ నక్కలు తాబేళ్ల మీద పడ్డాయి. చాలా చనిపోయాక తరలింపు ఆపేశారు. 2017లో ట్వెంటీనైన్ పామ్స్ మెరైన్ స్థావరం వాళ్లు వెయ్యికి పైగా తాబేళ్లను డబ్బాల్లో పెట్టి హెలికాప్టర్లలో మోశారు. నడిస్తే గంటకు పావు మైలు సాగని ప్రాణి!

ఇక్కడే తిరకాసు ఉంది. 1990లో ఈ తాబేలును ముప్పున్న జాతుల జాబితాలో చేర్చారు. అదే ఏడాది ఎడ్వర్డ్స్ స్థావరాన్ని, ఇంధనాలు, రసాయనాలు నేలలోకి ఇంకిపోయిన కారణంగా, దేశంలో తప్పనిసరిగా శుభ్రం చేయాల్సిన చోట్ల జాబితాలో చేర్చారు. విషం ఇంకిన స్థావరంలోనే తాబేలు బతుకుతోంది. కంచె వేసి మనుషుల్ని రానివ్వకపోవడం వల్ల, చుట్టూ ఇళ్లు, మాల్‌లు, మోటారు సైకిళ్ల పందేలు పెరిగినా లోపలి ఎడారి చాలావరకు ఎడారిగానే మిగిలింది. సైన్యానికి ప్రకృతి మీద ప్రేమ ఉందని కాదు. గుండ్లు పడే చోటికి మనుషులు రారు, అంతే.

మన దేశంలోనూ ఇదే కథ. నూట యాభై కూడా మిగలని బట్టమేక పిట్టలు రాజస్థాన్‌లో నిలదొక్కుకున్న చోట్లలో పోఖ్రాన్ ఫిరంగుల శిక్షణ మైదానం ఒకటి. పేలుళ్ల మధ్య గుడ్లు పెట్టుకుంటాయి. కంచె దాటితే చావు మరోలా ఉంటుంది. ఆ పిట్టకు కళ్లు పక్కలకు చూస్తాయి, ఎదురుగా సరిగా ఆనవు. సోలార్, గాలిమరల కరెంటును మోసుకెళ్లే తీగలకు గుద్దుకుంటుంది. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీగలు భూమిలో వేయమంది, 2024 మార్చిలో ఆ ఉత్తర్వును సడలించి నిపుణుల కమిటీకి అప్పగించింది. ఫిరంగి కంటే తీగ ప్రమాదమని ఆ పిట్టకు ఎవరు చెబుతారు?

మనుషుల మాటా ఒకటి చెప్పాలి. కాలిఫోర్నియాలో చాలాచోట్ల మట్టిలో ఒక శిలీంధ్రం ఉంటుంది. పెచ్చు విరిగి లేచిన దుమ్ముతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతే వ్యాలీ ఫీవర్ అనే జబ్బు చేస్తుంది. 2011-14 మధ్య శాన్ లూయిస్ ఒబిస్పో కౌంటీలో రెండు సోలార్ ప్లాంట్లు కడుతున్నప్పుడు 44 మంది పనివాళ్లకు ఈ జబ్బు వచ్చింది. అవి సైనిక స్థలాలు కావు. కానీ ఎడ్వర్డ్స్ ఉన్న కెర్న్ కౌంటీ ఈ జబ్బుకు పెట్టింది పేరు.

ఇదంతా చదివి నన్ను సోలార్‌కు శత్రువని అనుకోవద్దు. ఎడారి వేడెక్కితే, వాన ఇంకా తగ్గితే, జాషువా అనే ఎడారి చెట్లు, తాబేళ్లు ఏ కంచె ఉన్నా మిగలవు. బొగ్గు పొగ మానాల్సిందే. నా పేచీ ఎండతో కాదు, చోటుతో. 2007లో లాస్ వేగాస్ పక్కన నెలిస్ వైమానిక స్థావరంలో 140 ఎకరాల్లో 70 వేలకు పైగా ప్యానెళ్లు పెట్టారు. 14 మెగావాట్లు. అందులో కొంత భాగం మూసేసిన పాత చెత్త డంపింగ్ యార్డు మీద! 2009లో ఒబామా వెళ్లి చూశాడు కూడా. ఏ సైనిక స్థావరం చూసినా పాత రన్‌వేలు, పార్కింగు స్థలాలు, మైళ్ల కొద్దీ గోడౌన్ పైకప్పులు ఉంటాయి. పదిచోట్ల చిన్న చిన్నగా పెడితే ఖర్చెక్కువ, ఒకేచోట వేల ఎకరాలైతే తక్కువ. ఆ తేడా రూపాయల్లో చెబుతారు, అందుకే దానికి బరువు ఎక్కువ.

అమెరికాలో 1970 నుంచి అమలులో ఉన్న చట్టం ప్రకారం, కేంద్ర ప్రభుత్వ భూమిలో ఇలాంటి పెద్ద ప్లాంటు కట్టేముందు అక్కడ ఏమేం పోతాయో లావుపాటి నివేదిక రాయాలి. రాశాక కట్టేస్తారు, అది వేరే సంగతి. మన 2006 పర్యావరణ నోటిఫికేషన్ కిందికి సోలార్ ప్యానెళ్ల ప్లాంట్లు రానే రావు. 2014లో రక్షణ శాఖ సంస్థల్లో 300 మెగావాట్ల సోలార్‌కు కేంద్రం ఆమోదం తెలిపింది. కర్నూలు ప్రాంతంలో అయితే రెండూ పక్కపక్కనే వచ్చాయి. గని, శకునాల ఊళ్ల పొలిమేరల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు, దాదాపు ఆరు వేల ఎకరాలు. ఆ చుట్టుపక్కలే డీఆర్‌డీఓ ఆయుధ పరీక్షా స్థలం. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసిన రోళ్లపాడు కూడా పాత కర్నూలు జిల్లాలోదే. ఇప్పుడక్కడ ఆ పిట్ట కనిపించడం లేదు. సోలార్ వల్ల కాదు, పార్కు రాకముందే తగ్గిపోయింది.

చట్టం అడగకపోయినా ఒక పని చేయొచ్చు. ఇకపై ఎక్కడ గుంజలు పాతాలన్నా ముందు ఒక వానాకాలం, ఒక ఎండాకాలం ఆ నేల మీద ఇద్దరు మనుషులు తిరిగి, ఏవి గూడు కట్టాయో, ఏవి బొరియ తవ్వాయో రాసుకోవడం. ఒక జీపు, రెండు జీతాలు. ఆ ఊరి గొర్రెల కాపరిని వెంట తీసుకెళ్తే సగం పని మొదటి వారంలోనే తేలిపోతుంది, కాకపోతే ఆయనకు కూలి ఇవ్వాలి.