రోహిణి కార్తెలో పిండికట్టు

ఈ సంగతి వ్రాయాలా వద్దా అని చాలాకాలం తటపటాయించాను. మా అమ్మ ఒప్పుకున్న తర్వాతే వ్రాస్తున్నాను.

మా అమ్మాయి 2021 సెప్టెంబరులో పుట్టింది. ఎదురుకాళ్ళ బిడ్డ. అలా పుట్టినవాళ్ళు తంతే నడుము పట్టు వదులుతుందని మావైపు గట్టి నమ్మకం. "ఇంకేం, మా నడుములకు వైద్యం ఇక వాడరేవులోనే" అని ఇరుగుపొరుగు పరిహాసమాడేవారు. అమ్మ రోజూ పిల్లను తన చాచిన కాళ్ళమీద పడుకోబెట్టుకుని, నూనె రాసి, నలుగుపెట్టి, ఆ చిన్ని కాళ్ళు రెండూ చేర్చి సాగదీసేది. నీళ్ళుపోసి, సాంబ్రాణి పొగవేసి, పాత చీరముక్కలో బిగించి చుట్టేది. కాళ్ళు వంకర పోకూడదని. నన్నూ అలాగే పెంచింది మరి.

2022 సంక్రాంతినాడు, స్నానం మధ్యలో ఆగి, "ఈ ఎడమకాలు ఆ కాలిలాగా విచ్చుకోవడం లేదురా, డాక్టరుకు చూపించు" అంది. నేను ఫోనులోంచి తల ఎత్తకుండానే "ఎదిగేకొద్దీ అదే సర్దుకుంటుందిలే" అన్నాను. అప్పటికి పిల్లకు నాలుగు నెలలు.

ఏప్రిల్లో జ్వరమని గుంటూరు తీసుకువెళితే, అక్కడి డాక్టరు జ్వరం సంగతి తేల్చి, తొడల మడతలకేసి చూస్తూ ఉండిపోయారు. పిల్ల మోకాళ్ళు రెండూ మడిచి పక్కపక్కన నిలబెట్టారు. ఎడమది కాస్త పొట్టి! ఎక్స్‌రే తీశారు. తొడ ఎముక తల బంతి, తుంటిలో దానికొక గిన్నె. బంతి గిన్నెలో కుదురుగా కూర్చుంటేనే ఆ గిన్నె లోతుగా పెరుగుతుంది. మా పిల్లకు బంతి బయటికి జారింది. ఆరు నెలల లోపైతే పావ్లిక్ పట్టీలు సరిపోయేవేమో అన్నారాయన. ఆర్నాల్డ్ పావ్లిక్ అనే చెక్ వైద్యుడు రూపొందించిన పద్ధతి అది. పిల్లను కట్టిపడేయకుండా, తన్నుకోనిస్తూనే, ఆ తన్నులతోనే బంతిని గిన్నెలోకి చేర్చేటట్లు చేశాడు మహానుభావుడు. మాకు ఏడో నెల దాటింది. ఇక మత్తిచ్చి కీలు సరిచేసి, పిండికట్టు వేయవలసిందే.

"నేను కాళ్ళు లాగినందువల్లేనా బాబూ?" అని అడిగింది అమ్మ. ఆడపిల్ల, తొలిచూలు, ఎదురుకాళ్ళు... ఇవన్నీ కారణాలేనని, కాళ్ళు చాచి బిగించి కట్టడం కూడా మంచిది కాదని ఆయన ఓపికగా చెప్పారు. జపానులో 1970లలో పసికందుల కాళ్ళు అలా కట్టవద్దని ప్రచారం చేశాక ఈ జబ్బు బాగా తగ్గిందట. అమ్మకు ఆ చివరిమాట ఒక్కటే వినిపించింది. సంక్రాంతినాటి మాట నేనూ ఎత్తలేదు.

ఆ నెల 4వ తేదీనే మా ఊరు ప్రకాశం నుంచి కొత్త బాపట్ల జిల్లాలోకి మారింది. ఆసుపత్రి కాగితాల్లో ఒకచోట ఆ జిల్లా, ఒకచోట ఈ జిల్లా. నవ్వుకోవడానికి మాకు మిగిలింది అదొక్కటే.

రొమ్ముల కిందనుంచి పాదాల దాకా కట్టు, కాళ్ళు కప్పలా ఎడంగా, మధ్యలో ఒక ఖాళీ. ఆ ఖాళీలోకి చిన్న డైపరు దోపి, పైన పెద్దది వేయాలి. ఒక్క చుక్క లోపలికి పోయినా వాసన, ఒరుపు. రోహిణి కార్తె. కరెంటు పోతే తాటాకు విసనకర్ర. స్నానం లేదు, తడిగుడ్డతో తుడవడమే. చీర ఉయ్యాలలో పట్టదు, ఒళ్ళో ఒదగదు. దురద పుడితే గోకడానికి లేక పిల్ల కట్టుమీద పిడికిలితో కొట్టుకునేది. అమ్మ మాత్రం దూరంగా కూర్చునేది. పిల్లను ముట్టుకోవడమే మానేసింది.

ఎండుచేపలు అమ్మే ఆవిడ ఒకరోజు గంప దింపి, ఎవరినీ అడగకుండా పిల్లను చంకనెక్కించుకుంది. ఎడంగా ఉన్న ఆ కాళ్ళు ఆమె నడుముకు సరిగ్గా అమరిపోయాయి. "చంకనెత్తుకోడానికే చేసినట్టున్నారు గదమ్మా ఈ కట్టు!" అంది. పిల్ల వారం తర్వాత నవ్వింది. అమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది.

ఆ సాయంత్రం చెప్పాను. "ముందు పసిగట్టింది నువ్వే. ఆలస్యం చేసింది నేను" అని. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీ పెళ్ళానికి చెప్పావా?" అంది. లేదన్నాను. "ముందు దానికి చెప్పు" అని లోపలికి వెళ్ళిపోయింది. చెప్పాను. మా ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడోనాడు మాత్రం పిల్లను అమ్మ చంకకు అందించింది.

నడుమ ఒకసారి మార్చి, పన్నెండు వారాలకు కట్టు తీశారు. లోపలి కాళ్ళు ఎండిన పుల్లల్లా ఉన్నాయి. ఆపైన కొన్నాళ్ళు ఊడదీసి తొడిగే పట్టీ. 2023 మార్చిలో, పద్దెనిమిదో నెలలో, వాడరేవు లైట్‌హౌసు కనబడే ఇసుకలో నాలుగడుగులు వేసి కూలబడింది. అడుగులకు అరిసెలు వండాలి గదా, అమ్మ వండింది. మొదటి పళ్ళెం ఆ చేపలావిడ ఇంటికి వెళ్ళింది.

ఎదుగుదల ఆగేదాకా ఎక్స్‌రేలు తప్పవన్నారు. ఒక్కొక్క దానికి వెళ్ళే ముందురోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించదు.

మా వీధిలో ఏ ఇంట పసిబిడ్డ పుట్టినా నీళ్ళుపోయడానికి ఇప్పటికీ అమ్మనే పిలుస్తారు. వెళుతుంది. పిల్ల మోకాళ్ళు రెండూ మడిచి, సమంగా ఉన్నాయో లేదో కళ్ళద్దాలు సర్దుకుని చూసిగానీ నూనె గిన్నె ముట్టుకోదు.