నచికేతుని ప్రథమ వరము

మా కుమారుడు పదవ తరగతి చదువుతున్న సంవత్సరమది. గణితంలో మార్కులు తగ్గిన పత్రాన్ని వాడు పరుపు క్రింద దాచాడు. అది నా కంటబడిన రాత్రి, "నీకు చదువబ్బదు, నీవెందుకూ కొరగావు" అన్నాను. వాడు బదులు పలుకలేదు. ఆనాటినుండి పుస్తకం ముందు కూర్చునేవాడు. పుట మాత్రం తిరిగేది కాదు.

కొన్నాళ్ళకు, ఆలయంలో సాయంకాలార్చన ముగిసిన పిమ్మట కఠోపనిషత్తును మననం చేసుకొంటున్నాను. తండ్రి కోపంతో పలికిన మాటను అనుసరించి నచికేతుడు యమసదనానికి వెళ్ళాడు. అక్కడ మూడు రాత్రులు నిరాహారుడై నిరీక్షించాడు. యముడు మూడు వరాలు ప్రసాదించగా, ఆ బాలుడు ముందుగా ఆత్మవిద్యను కోరలేదు. తన తండ్రి కోపం శమించాలనీ, తిరిగివచ్చిన తనను ప్రసన్నుడై పలుకరించాలనీ కోరాడు. ఆత్మవిద్య మూడవ వరం.

అంతటి జిజ్ఞాసువుకే విద్యకంటె ముందు పితృప్రసన్నత కావలసివస్తే, మన పిల్లల మాట వేరే చెప్పాలా? భయపడిన బాలుని దృష్టి పాఠంపై నిలువదు, తండ్రి ముఖంపై నిలుస్తుంది. సంతలో నేను స్వరం తప్పినప్పుడు మా గురువుగారు మరల చెప్పేవారు. తప్పింది స్వరమనేవారే గాని, నేను పనికిరాననలేదు.

ఆ రాత్రి వాని ప్రక్కన కూర్చొని, "నాయనా, ఆనాడు నేనన్న మాట తప్పు" అన్నాను. వాడు చాలాసేపు మౌనంగా ఉన్నాడు. పిదప పుస్తకం నా వైపు జరిపి, "నాన్నగారూ, ఈ లెక్క నాకు మొదటినుండీ అర్థం కాలేదు" అన్నాడు.

ఆ లెక్క నాకూ రాదు. మరునాడు ఇద్దరమూ కలిసి వాని ఉపాధ్యాయుని వద్దకు వెళ్ళాము.