ఉప్పునీటిలో చప్పని చేప

డొంకరాయి చుట్టుపట్ల కొండప్రజలకు సీలేటి చేపలున్నను, తీరమునుండి మూటలలో వచ్చు ఎండుచేపలపై మక్కువ యధికము. ఒకనాడు తరగతిలో సముద్రమునుగూర్చి చెప్పుచుండగా ఒక బాలిక లేచినది. "ఎండుచేప ఉప్పగా ఉంటాది. పచ్చి సముద్రపు చేప చప్పగానే ఉందని మా మామ అన్నాడు. ఉప్పునీళ్లలో పుట్టింది ఉప్పనెందుకు కాలేదు మాస్టారూ?"

శాకాహారినగు నాకు ఆ రుచిభేదము తెలియదు. ఎండుచేపకు ఉప్పు పట్టించి యెండబెట్టుదురని మాత్రము చెప్పి, తక్కినదానికి గడువు కోరితిని.

సముద్రజలమున లీటరునకు సుమారు 35 గ్రాముల లవణము కలదు; చేప రక్తమున అందు మూడవవంతు మాత్రమే. ఉప్పులో వేసిన మామిడిముక్కనుండి నీరూరునట్లు సముద్రపు చేప దేహమునుండి నీరు నిరంతరము వెలికిపోవుచుండును. ఆ లోటు తీర్చుకొనుటకది సముద్రమునే త్రాగునని 1930లో హోమర్ స్మిత్ నిరూపించెను. త్రాగిన యుప్పులో అధికభాగమును మొప్పలలోని కొన్ని కణములు వెలికి నెట్టునని 1932లో కీస్, విల్మర్ అను వారు చూపిరి. మంచినీటి చేపకు బాధ తలక్రిందులు: నీరు లోనికి చొచ్చును, ఉప్పు జారిపోవును. అందుచే దాని మొప్పలు ఉప్పును లోనికి లాగుకొనును.

ఈ రెండు విద్యలును నేర్చినది మన పులస. మన సీలేరు శబరిలోను, శబరి కూనవరమువద్ద గోదావరిలోను కలియును. ఆ గోదావరి వరదనీరు సముద్రమున దిగగానే విలస గ్రుడ్లుపెట్టుటకు నదిలోని కెదురీది పులసయగును. ధవళేశ్వరపు ఆనకట్టను దాటి పైకి వచ్చుట యరుదు. పుస్తెలమ్మియైనను పులస తినవలెనను సామెత కట్టినవారు, ఆ పుస్తెలు ఎవరి మెడలోనివో ఆ యిల్లాలినడిగినట్లు తోచదు. ఇట్లు రెండు నీళ్లలో బ్రదుకు సాల్మనులను పరిశీలింపగా, ఉప్పును మోయు యంత్రమునకు రెండు జన్యువులు కానవచ్చినవి: మంచినీట నొకటి, ఉప్పునీట మరియొకటి యెక్కువగా పనిచేయును.

ఇది చదివిననాడు నాకొక పాతమాట గుర్తువచ్చినది. పూర్వము మరియొక యూర తోటి యుపాధ్యాయుడొకరు "ఈ కొండపిల్లలకు చదువు రక్తములోనే లేదండీ" యనిరి. నేను కాదనలేదు, తలయూపితిని. జన్యువనగా నొసటివ్రాతయని అప్పటి నా తలంపు. ఒకే చేప తన జన్యుగ్రంథమున నీటినిబట్టి వేర్వేరు పుటలు తెరచుచుండగా ఆ తలంపు నిలువలేదు. మనుష్యుల చదువునకు చేప మొప్పలు సాక్ష్యము కాజాలవని యెరుగుదును. నాకు సాక్ష్యము ఆ బాలిక ప్రశ్నయే.

అయితే గ్రంథమే మారుటయు కలదు. పులసకు చుట్టమైన హెర్రింగు, ఉప్పు తక్కువైన బాల్టిక్ సముద్రమున కొన్ని వేలయేండ్లుగా నిలిచినది. అచ్చటి హెర్రింగులకును అట్లాంటిక్ హెర్రింగులకును జన్యుపాఠమున అనేకస్థలముల భేదమున్నదని 2016లో ప్రకటించిరి. ఏ చేపయు కోరి మారలేదు. ఆ నీటికి తగిన పాఠాంతరము కలవి ఎక్కువ పిల్లలను విడిచిపోయినవి.

మరునాడు ఇదంతయు తరగతిలో చెప్పితిని. "వేలయేళ్లు పడతాదా?" అని ఆ బాలిక నిరాశపడినది. అప్పుడు అలాస్కాలో 1964 నాటి భూకంపముమాట చెప్పితిని. దీవుల యంచులు పైకిలేచి క్రొత్తగా చెరువులేర్పడినవి. స్టికిల్‌బ్యాకను చిన్న ముండ్లచేపలు సముద్రమునుండి వచ్చి వానిలో నిలిచిపోయినవి. యాభై యేండ్లలోపలనే వాని రూపమును, జన్యుపాఠమును మంచినీటి చేపలవలె మారినవని 2015లో వెల్లడియైనది. మంచినీటికి తగు పాఠాంతరములు పూర్వమే సముద్రపు మందలలో అక్కడక్కడ దాగియుండుటచే అంత వేగము.

"యాభైయేళ్లే?" అని వ్రేళ్లపై లెక్కించి, "అయితే మా తాత చూసినంత కాలమే" యని కూర్చున్నది.