ఎవరు కలపాలి?

ఒక ఊరి పేరు రసాయన శాస్త్రంలోకి ఎక్కడం గొప్పే. నల్లగొండకి ఆ గొప్ప ఫ్లోరైడ్ వల్ల వచ్చింది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన 'నల్లగొండ టెక్నిక్' టాంజానియా దాకా వెళ్ళింది. భూగర్భజలంలో పటిక, సున్నం కలిపితే దూదిపింజల్లాంటి ముద్దలు కడతాయి. ఫ్లోరైడ్ వాటిని పట్టుకుని అడుక్కి దిగుతుంది.

పటిక మనకి కొత్తది కాదు. వానాకాలం బురద నీళ్ళ బిందెలో మా అమ్మమ్మ పటిక ముక్క తిప్పేది, లేకపోతే బిందె లోపల ఇండుపగింజ అరగదీసేది. నీళ్ళు తేరుకోవడం కళ్ళకి కనపడేది. ఫ్లోరైడ్ నీళ్ళు మాత్రం మొదటినుంచీ తేటగానే ఉంటాయి. రాతిలోంచి కరిగి వచ్చే ఆ విషం పళ్ళ మీద గారగా, వంగిన ఎముకలుగా బయటపడేసరికి ఏళ్ళు గడిచిపోతాయి. ఆడవాళ్ళు తరతరాలుగా నేర్చుకున్న నీటి తెలివి ఇక్కడ పనిచేయదు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిందో లేదో పరీక్ష చేసి చెప్పాలి. ఎంత పటిక వేయాలన్నదీ ఆ లెక్క మీదా, నీటి క్షారత మీదా ఆధారపడుతుంది.

కెమిస్ట్రీ చెప్పే నా స్నేహితురాలు ఈ పద్ధతి మీద పిల్లలకి పాఠం రాసి, భాష చూడమని నాకిచ్చింది. పటిక వేయవలెను, కలియబెట్టవలెను, గంటసేపు తేరనివ్వవలెను, పై నీటిని వేరే బకెట్‌లోకి తీయవలెను. తెలుగు బాగానే ఉంది. క్రియలన్నీ ఉన్నాయి, కర్త లేదు. (వంటల పుస్తకాల్లోనూ ఇదే వ్యాకరణం.)

"ఎవరు కలపాలి?" అనడిగాను.

"ఇంట్లో ఎవరైనా" అంది, అని తనే నవ్వేసింది.

చాలా చవకైన పద్ధతి అని దీనికి పేరు. బకెట్టుకి గంట చొప్పున, రోజూ, మర్చిపోకుండా, ఏళ్ళ తరబడి ఆ 'ఎవరైనా' చేసే చాకిరీకి ధర కట్టకపోతే చవకే మరి.

2016లో మొదలైన మిషన్ భగీరథతో నది నీళ్ళు కుళాయిల్లోకి వచ్చాయి. నల్లగొండకి అది నిజమైన ఊరట. నేలలోని ఫ్లోరైడ్ మాత్రం నేలలోనే ఉంది.

పాఠంలో చివరి వాక్యం దగ్గర ఇద్దరం ఆగిపోయాం: "అడుగున మిగిలిన మడ్డిని పారవేయవలెను." పట్టుబడ్డ ఫ్లోరైడంతా అందులోనే ఉంది. పటిక దాన్ని నీళ్ళలోంచి విడదీసిందేగాని మాయం చేయలేదు. పెరట్లో పోస్తే మళ్ళీ ఆ మట్టిలోకే. తను "సురక్షిత ప్రదేశంలో" అని చేర్చింది. రెండు గదుల ఇంట్లో ఆ ప్రదేశం ఎక్కడుంటుందో నాకు తోచలేదు. ఆ మాట పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి కాగితం తిరిగిచ్చాను.