ఎక్కడ అన్నారు, ఎందుకు అనలేదు

బెజవాడలో కూర్చుని బంగాళాఖాతంలో కూలిన సైనిక విమానాన్ని గురించి రాయటానికి నీకేమి అధికారం వుందని మిత్రులు అడగవచ్చు. నాకున్న అర్హతలు రెండే. నేను దివిసీమలో పుట్టినవాణ్ణి. సముద్రానికి మనుషుల్ని పోగొట్టుకున్న ఇళ్ళ మధ్య పెరిగినవాణ్ణి. ఇక రెండోది, ఆ విమానంలో పోయిన 29 మందిలో 8 మంది విశాఖపట్నంలో పనిచేసిన ఉద్యోగులు కావటం.

2016 జూలై 22 ఉదయం ఎనిమిదిన్నర వేళ చెన్నై దగ్గరి తాంబరం నుంచి వైమానిక దళం వారి ఏఎన్-32 విమానం పోర్ట్‌బ్లెయిర్‌కు బయలుదేరింది. తొమ్మిది దాటిన కాసేపటికి, 23 వేల అడుగుల ఎత్తున పోతున్నది కాస్తా ఎడమకు తిరిగి, వేగంగా కిందికి దిగుతూ రాడార్ నుంచి మాయమైంది. అందులో వున్నవాళ్ళలో ఎక్కువమంది సైనిక దళాలవాళ్ళు. ఆ ఎనిమిది మంది మాత్రం నౌకాదళ ఆయుధ డిపోకు చెందిన పౌర ఉద్యోగులు. డ్యూటీ మీద వెళ్ళమంటే వెళ్ళిన పనివాళ్ళు. నౌకలు, విమానాలు వారాల తరబడి వెతికాయి. ఒక్క ముక్క దొరకలేదు. సరిగ్గా 55 రోజులకు, సెప్టెంబరు 15న, అందరూ మరణించినట్టు భావిస్తున్నామని కుటుంబాలకు చెప్పారు.

ఆచూకీ తెలియని మనిషిని మరణించినట్టు భావించటానికి మన సాక్ష్య చట్టం మామూలుగా ఏడేళ్ళు ఆగమంటుంది. ఆ గడువు చూస్తూ కూర్చుంటే పింఛనూ, పరిహారమూ ఆగిపోతాయి గనుక తొందరగా తేల్చటం మంచిదే. నేను దాన్ని తప్పుపట్టను. కాని ఆ కాగితం ఇంటి ఖర్చుకు పనికివచ్చినంతగా మనసుకు పనికిరాదు.

యీ సంగతి మా వైపు వాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. 1977 నవంబరు 19 ఉప్పెనలో మా అమ్మమ్మ తమ్ముడు పోయాడు. శవం దొరకలేదు. దర్భలతో బొమ్మ చేసి దహనం చేశారు. ఆ తరువాత చాలా ఏళ్ళు అమ్మమ్మ రాత్రిపూట వీధి తలుపు గడియ పెట్టనిచ్చేది కాదు. అయితే ఒక తేడా వుంది. తమ్ముణ్ణి మింగినదేదో ఆమెకు తెలుసు. ఆ నీళ్ళను కళ్ళారా చూసింది. సర్కారు చెప్పిన చావుల లెక్కను మా పెద్దలు నమ్మలేదు గాని, చావుకు కారణమేమిటని యెవరూ అడగవలసిన పని పడలేదు.

విశాఖ ఇళ్ళవాళ్ళకు ఆ కాస్త కూడా దక్కలేదు. అందుకనే నానా మాటలూ పుట్టాయి. తప్పిపోయినవాడి ఫోను మోగిందని ఒక కుటుంబం చెప్పినట్టు పత్రికల్లో వచ్చింది. విద్రోహం కాబోలునని కొందరన్నారు. ఆ అవకాశం బహు తక్కువని అప్పటి రక్షణమంత్రి మనోహర్ పారికర్ పార్లమెంటులో చెప్పారు. నాకూ ఆయన మాటే సబబుగా తోస్తుంది. కాని విద్రోహం కాదన్నాక, మరేమిటి? యంత్రమా, వాతావరణమా, మనిషి పొరపాటా? ఆ నెలలోనే విమానంలో లోపాలు బయటపడ్డాయని పత్రికలు రాశాయి. 1986 మార్చిలో, సోవియట్ దేశం నుంచి కొత్తగా వస్తూన్న ఇదే రకం విమానం అరేబియా సముద్రం మీద మాయమైంది. అదీ దొరకలేదు.

2024 జనవరిలో మాత్రం ఒక విశేషం జరిగింది. జాతీయ సముద్ర సాంకేతిక సంస్థవారు మనిషి లేకుండా నీటి అడుగున తిరిగే యంత్రాన్ని పంపి, చెన్నై తీరానికి సుమారు 310 కిలోమీటర్ల దూరాన, 3,400 మీటర్ల లోతున శకలాల ఛాయాచిత్రాలు తీశారు. అవి ఏఎన్-32 ఆకారానికి సరిపోయాయి. ఆ ప్రాంతంలో మరే విమానమూ తప్పిపోయినట్టు నమోదు కాలేదు గనుక యిది అదే అయివుండవచ్చునని ప్రభుత్వం ప్రకటించింది. శాస్త్రజ్ఞులు చేసింది గొప్ప పని, సందేహం లేదు. ప్రకటనను మాత్రం రెండుసార్లు చదివాను. ఎక్కడ పడిందో వుంది. ఎందుకు పడిందో లేదు. రికార్డరును పైకి తీస్తామని గాని, తీయలేమని గాని ఒక్క మాట లేదు.

లోతు ఎక్కువ అంటారేమో. 2009 జూన్ 1న 228 మందితో అట్లాంటిక్‌లో పడిన ఎయిర్ ఫ్రాన్స్ విమానం సుమారు 3,900 మీటర్ల లోతున వుంది. రెండేళ్ళకు దాన్ని కనిపెట్టి, రికార్డర్లు పైకి తీసి, వేగం కొలిచే గొట్టాల్లో మంచు పేరుకున్నదనీ, ఆ తరువాత పైలట్లు విమానాన్ని అదుపులో పెట్టలేకపోయారనీ 2012లో లోకానికి చెప్పారు. అది పౌర విమానం, యిది సైనిక విమానం అని మరొక జవాబు వుంది. 1980ల నుంచీ సామాన్లూ మనుషులూ మోస్తున్న రవాణా విమానంలో శత్రువు తెలుసుకోకూడని రహస్యం ఎంత వుంటుంది?

మాది రైల్వే వూరు. గార్డుగా పనిచేసి రిటైరైన మిత్రుడొకడు సత్యనారాయణపురంలో వున్నాడు. పెద్ద రైలు ప్రమాదం జరిగితే విచారణ చేసే సేఫ్టీ కమిషనర్ రైల్వే మంత్రిత్వశాఖ కింద వుండడనీ, పౌర విమానయాన శాఖ కింద వుంటాడనీ నాకు చెప్పినవాడు అతడే. తెలిసినవాళ్ళు వచ్చి సాక్ష్యం చెప్పండని పేపర్లో ప్రకటన కూడా వేస్తారు. సైనిక విమానం కూలితే ఆ దళమే విచారిస్తుంది, నివేదిక దాని బీరువాలోనే వుంటుంది. “మా డిపార్టుమెంటు తప్పును మేమే తేల్చుకుంటే జనం నవ్వరట్రా?” అన్నాడు మావాడు.

రికార్డరు కోసం ప్రయత్నిస్తారా? లేకపోతే ఎందుచేత? విచారణలో కారణమని తేలినదేమిటి? యీ మూడింటికీ సమాధానం ఒక కాగితం మీద పడుతుంది. 2016లో కాగితం పంపిన ఆ ఇళ్ళ చిరునామాలు వాళ్ళ దగ్గర వున్నవే.