పాత యింజనును శుభ్రపఱచుట

మసిపట్టిన గిన్నెను తోమినగాని దాని యడుగున చిల్లు కలదో లేదో తెలియదు. మనకు నిత్యకృత్యమైన యీ చిన్న సంగతి మోటారుకారు యింజను విషయమునను సత్యమేయని నేను మా యింట గ్రహించితిని. యంత్రములు పురుషుల సొత్తని తలంచి ఈ పుటను త్రిప్పివేయక, కొంచెముసేపు నా మాట వినవలెనని ప్రార్థన.

మాది సంగారెడ్డికి చేరువనున్న ఇస్మాయిల్‌ఖాన్‌పేట. మా మామగారు వాడిన లాండ్‌మాస్టరు కారు పశువులకొట్టము ప్రక్కన ఏండ్ల తరబడి కదలక పడియుండెను. ఈ రకపు కారును హిందూస్థాన్ మోటార్సువారు 1954లో వెలువరించిరి. కొన్ని యేండ్లకే దీని స్థానమున అంబాసిడరు వచ్చినది. మా కారు కాన్పునొప్పులు పడు స్త్రీలను ఎందఱినో సంగారెడ్డి ఆసుపత్రికి చేర్చినదని మా యత్తగారు చెప్పుచుందురు. పాతయినుము కొనువాడు దానికి తూకము లెక్కన వెలకట్టి, లారీ తెచ్చెదననెను.

అప్పటికి మా పెద్దవాడు పనిచేయుచుండిన పటాన్‌చెరు కర్మాగారము మూతపడి నాలుగు మాసములైనది. ఇరువదియాఱేండ్ల పిల్లవాడు ప్రొద్దంతయు గోడవైపు తిరిగి పండుకొనుచుండెను. భోజనమునకు పిలిచినను పలుకడు. ఇంటికి డబ్బు అవసరమే. అయినను మా యత్తగారు, "లోపల నేమున్నదో చూడకయే చచ్చినదనుట యెట్లు?" అనిరి. వృద్ధులైన ఒక మేస్త్రీగారిని సంగారెడ్డినుండి పిలిపించితిమి. ఆయన కారు చుట్టును ఒకసారి తిరిగి, "బిడ్డా, విప్పి కడిగినగాని నేనేమియు చెప్పలేను. కడుగుటకు చేతులు కావలెను," అనిరి. నేను కొంగు దోపి ముందుకు వచ్చితిని. మా వానిని కూడ లేపుకొని వచ్చితిని.

ఈ యింజను కట్టడమును గూర్చి రెండు మాటలు చెప్పవలెను. నేటి యింజనులలో వాల్వులు సిలిండరులకు పైన నుండును. ఈ పాతరకమున అవి సిలిండరుల ప్రక్కన, బ్లాకులోనే, తల పైకి కాడ క్రిందికి పెట్టిన పుట్టగొడుగులవలె నిలిచియుండును. కావున పైమూత కేవలము చదునైన యినుపపలక. దానినిబట్టియే దీనికి ఫ్లాట్‌హెడ్ అని పేరు. ఫోర్డువారి 1908 నాటి మోడల్-టి యందును, 1932 నాటి వీ-8 యందును ఇట్టి కట్టడమే. హైదరాబాదు చౌమహల్లాలోని నిజాముగారి పసుపుపచ్చని రోల్స్‌రాయిసునందును వాల్వులు ప్రక్కనే యున్నవి. ఇట్టి యింజను చేయుట చౌక, విప్పుట సులభము. కాని కాలిన పొగ బ్లాకుగుండ పోవుటచే వేడి హెచ్చు. గాలి వంకరత్రోవను నడువవలసి యుండుటచే బలము తక్కువ. అంబాసిడరుకు సయితము తొలుత ఈ 1476 సి.సి. యింజనే యుండి, పిదప మాఱినది.

మేస్త్రీగారు నట్టుల చుట్టును నూనె పోసి రెండు దినములు నాననిచ్చిరి. తుప్పుతో కలహించిన బోల్టు విఱుగును. నానినది తానే వచ్చును. నట్టులను అంచులనుండి మధ్యకు కొంచెము కొంచెముగా సడలించిరి. బిగించునపుడు మధ్యనుండి అంచులకు పోవలెనట. లేనిచో మూత వంగును. పాత గాస్కెటులో రాతినార యుండవచ్చును. దాని ధూళి ఊపిరితిత్తులకు హాని గనుక, పొడిగా గీకక తడిపి తీసి సంచిలో కట్టితిమి. పిస్టనులపై పట్టిన బొగ్గును కఱ్ఱపుల్లతోనే గీకితిమి. ఉక్కు తగిలినచో మెత్తని లోహముపై గీతలు పడును.

సిలిండరులు నాలుగు, వాల్వులు ఎనిమిది. ప్రతిదియు తన గూటికే మరల పోవలెను. నేను గుడ్డపీలికలపై అంకెలు వ్రాసి కట్టి, పాత ఇడ్లీపళ్లెముల గుంటలలో వరుసగా నుంచితిని. మేస్త్రీగారు చూచి నవ్వి, వానిని ఎవ్వరును ముట్టరాదని ఆజ్ఞ యిచ్చిరి. బ్లాకు ప్రక్కనున్న బిళ్లలను ఊడదీయగా నీటిదారులనుండి గిన్నెలకొలది తుప్పుబురద వెడలెను. ఈ బండి మాటిమాటికి కాగిపోవునని అందఱు నిందించిన దానికి కారణ మదియే.

ఒక వాల్వు బిగుసుకొని యెంతకును రాలేదు. అంతవఱకు మౌనముగా తుడుచుచుండిన మా వాడు దానిపై కిరసనాయిలు పోసి (మా వైపు గాసునూనె యందురు), కొయ్యసుత్తితో మెల్లమెల్లగా తట్టుచు గంటసేపు కూర్చుండెను. "అమ్మా, కదలినది!" అని కేకవేసెను. నాలుగు మాసములలో వాని కంఠము అంత బిగ్గఱగా నేను వినలేదు.

తరువాత వాల్వులను రాపిడిముద్దతో గూటికి ఒరయించుట. మజ్జిగ చిలుకునట్లు అరచేతుల నడుమ కఱ్ఱను ఇటునటు త్రిప్పవలెను. చుట్టును తెగని బూడిదరంగు వలయము వచ్చినచో సరి. పిదప మూసిన వాల్వుపై కిరసనాయిలు పోసి, క్రిందికి కారునేమో చూడవలెను. ఈ పరీక్షకు మా యత్తగారే అధికారిణి. చుక్క కనబడినచో, "మరల!" అనెడివారు.

పని జరుగు తావునకు దీపమును పొయ్యిని రానీయలేదు. మా ప్రాంతమున నక్కవాగు కర్మాగారముల మురికిచే ఎట్లు పాడైనదో యెఱుగనివారు లేరు. కాబట్టి మురికినూనెను నేలపై ఒలుకనీయక డబ్బాలలో పట్టి, దానిని శుద్ధిచేయుటకు అనుమతిగలవారికి చేర్చితిమి.

కడిగిన పిదపగాని నిజము తెలియలేదు. మూత వంగియుండెను, సిలిండరులు అరిగియుండెను. కాని బ్లాకు పగులలేదు. పగిలియున్నచో కారును ఆనాడే పాతయినుమునకు ఇచ్చియుందుము. మా యత్తగారు చీటీలో కూడబెట్టిన సొమ్ముతో, పటాన్‌చెరు లేతుదుకాణమున మూతను చదును చేయించి, సిలిండరులను బోరుచేయించి, క్రొత్త పిస్టనులు వేయించితిమి. ఇంజను నడిచినది. ఆ దుకాణమునకు పలుమాఱు తిరిగిన మా వాడు ఇప్పుడు అచ్చటనే పని నేర్చుకొనుచున్నాడు. జీతము మునుపటిలో సగమే. కాని ప్రొద్దుననే తానై లేచుచున్నాడు.

చెడినదియు, మురికిపట్టినదియు పైకి ఒక్కతీరుగనే కనబడును. వాని భేదమును తెలిసికొనుటకు ఓపికతో కడుగుట తప్ప వేఱు మార్గము లేదు. ఆ యోపిక మన చేతులకు చిన్ననాటినుండి యలవాటే. దానిని వంటయింటి గడప దాటింపవచ్చునని సోదరీమణులకు మనవి.